బడిలో బుద్ధిమంతుడు, ఇంటికి రాగానే అగ్గి: ఆటిజం ఉన్న పన్నెండేళ్ల బాబు గురించి అడిగిన తల్లికి

నమస్కారం. మీ బాబుకు పన్నెండేళ్లని, ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) కూడా ఉన్నట్టు ఎనిమిదో ఏట తేలిందని రాశారు. బడి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. కానీ సాయంత్రం నాలుగున్నరకు గాజువాకలోని మీ ఇంటి గడప దాటగానే బ్యాగు విసిరేసి, చెల్లెలి మీద అరిచి, చివరికి "నేనెందుకూ పనికిరాను" అంటూ మంచం కిందికి దూరుతున్నాడు. బడిలో బాగుండి ఇంట్లోనే ఇలా ఉంటున్నాడంటే గారాబం ఎక్కువైనట్టేనని మీ అత్తగారు అంటున్నారు. తప్పు మా పెంపకానిదేనా అని మీరు అడిగారు.

నేను వైద్యుణ్ణి కాను, పోర్టులో ఉద్యోగిని. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేడేళ్లు. ఆమెకు ఆటిజం ఉందని పదకొండో ఏట గాని తెలియలేదు. ఆడపిల్ల కావడం, తరగతిలో మౌనంగా కూర్చోవడం, మార్కులు తెచ్చుకోవడం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు. మీరు రాసిన సాయంత్రపు దృశ్యాన్ని మా ఇంట్లో దాదాపు మూడేళ్లు చూశాను కాబట్టి, ఆ అనుభవం నుంచే రాస్తున్నాను.

మీ బాబు ఇంట్లో చేస్తున్నది, బడిలో ఏడు గంటల పాటు చేయకుండా ఆపుకున్నదే. ట్యూబులైటు చప్పుడు, డబ్బాలు తెరిచినప్పుడు కలగలిసే వాసనలు, పీఈటీ మాస్టారి ఈల, చెప్పాపెట్టకుండా మారిపోయే పీరియడ్, పక్క బెంచీ పిల్లవాడి మాట ఎగతాళో స్నేహమో తేలక పడే తికమక, వీటన్నిటినీ భరిస్తూ, చేతులు ఆడించాలనిపించినా ఆడించకుండా, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వుతూ నెట్టుకొస్తాడు. దీనినే నిపుణులు మాస్కింగ్ అంటారు. అరవకుండా ఉండడానికి కావలసిన శక్తి గడప దగ్గర అయిపోతుంది. ఇంట్లో అరిచినా తనను ఎవరూ వదిలేయరని అతనికి తెలుసు. అందుచేత పెంపకం మీద అనుమానం పెట్టుకోకండి. అయితే ఆ ఊరట దగ్గర ఆగిపోకూడదు, ఎందుకంటే ప్రతిరోజూ అంతగా అలిసిపోయే పిల్లవాడు కొన్నేళ్లకు దిగులులోకి జారిపోగలడు. సరిచేయవలసింది సాయంత్రాన్ని మాత్రమే కాదు, ఆ సాయంత్రాన్ని తెచ్చిపెడుతున్న పగటిని కూడా.

ఈ సంగతి మాకు చాలా ముందే తెలిసి ఉండవలసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు. ఆ రోజు గాలి హోరుకు చెవులు మూసుకుని వణికిపోయింది. తెల్లారాక మాత్రం, ఎక్కడి చెట్లు అక్కడ పడిపోయి, కరెంటు లేక, బడి లేక, టీవీ లేక, మేమంతా నీళ్ల కోసం బిందెలతో తిరుగుతున్న ఆ వారం పది రోజులు ఆమె అంత నిమ్మళంగా ఉండడం మేము అంతకు ముందెన్నడూ చూడలేదు. గిన్నెలు వరుసగా పేర్చుకుంటూ, తనలో తాను పాడుకుంటూ గడిపింది. తుఫానుకు భయపడి అణిగిపోయిందని మా అమ్మ అంది, మేమూ నమ్మాం. అణిగింది పిల్ల కాదని, ఆమె చుట్టూ ఉండే రొద అని అర్థం కావడానికి మరో ఐదేళ్లు పట్టింది.

తెలిశాక మొదట సాయంత్రాన్నే మార్చాం. అంతకు ముందు నేను గేటు దగ్గరే నిలబడి "ఈ రోజు ఏం జరిగింది, ఏం చెప్పారు, డబ్బా తిన్నావా" అని వరుసగా అడిగేవాణ్ణి. ప్రేమతోనే అడిగేవాణ్ణి గాని, అప్పటికే మాటలు అయిపోయిన పిల్లకు అది మరో పరీక్ష. ఇప్పుడు మా ఇంట్లో ఆమె వచ్చిన మొదటి గంట ఎవరూ ప్రశ్న వేయరు. బల్ల మీద పెరుగన్నమో అటుకులో ఉంటాయి, గదిలో లైటు ఆర్పి ఫ్యాను మాత్రమే వేసి ఉంటుంది. ఐదున్నర ట్యూషన్ మాన్పించాం. దానికి మా బంధువర్గంలో పడిన మాటలు ఇక్కడ రాయడం అనవసరం.

ఏడీహెచ్‌డీకి మీ బాబు మిథైల్‌ఫెనిడేట్ వంటి మందు వాడుతున్నాడో లేదో మీరు రాయలేదు. వాడుతున్నట్లయితే, దాని ప్రభావం తగ్గిపోయే వేళకు కొందరు పిల్లలకు చికాకు హెచ్చుతుంది. మధ్యాహ్నం ఆకలి మందగించి డబ్బా నిండుగానే తిరిగి రావచ్చు. అప్పుడు మీరు చూస్తున్న కోపంలో కొంత వట్టి ఆకలే కావచ్చు. మందు వేసిన వేళ, తిన్న వేళ, గొడవ మొదలైన వేళ ఒక వారం పాటు రాసి వైద్యులకు చూపించండి. మోతాదు మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

అగ్గి అంటుకున్న ఆ అరగంటలో ఏమి చేయాలన్నది వేరే సంగతి. మొండితనం కోరింది ఇస్తే ఆగుతుంది. మెల్ట్‌డౌన్, అంటే భరించే శక్తి అయిపోయి అదుపు తప్పడం, ఏమిచ్చినా ఆగదు, దాని పాటికి అది తగ్గాలి. అప్పుడు నీతులు, బుజ్జగింపులు, బెదిరింపులు అన్నీ చప్పుడే. చెల్లెలిని పక్క గదికి పంపి, దెబ్బ తగిలే వస్తువులు తీసేసి, మాటలు తగ్గించి దగ్గరలో కూర్చోవడం చాలు. మంచం కింద దూరితే దూరనివ్వండి, ఆ చీకటి అతను వెతుక్కున్న మందు. ఎవరినీ ఫోనులో వీడియో తీయనివ్వకండి. ఒకసారి మా అమ్మాయిని అంతా సద్దుమణిగిన వెంటనే పెద్దల ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించాను. ఆ తరువాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడంలో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు. చెల్లెలికి సర్దిచెప్పడం అవసరమే, కానీ అది మర్నాడు జరిగినా నష్టం లేదు.

"ఎందుకు కోపం వచ్చింది" అంటే "తెలియదు" అంటాడని రాశారు. అది అబద్ధం కాకపోవచ్చు. లోపల కలిగే భావానికి పేరు పెట్టలేకపోవడం ఆటిజం ఉన్నవారిలో చాలామందికి ఉంటుంది, వైద్యులు దానిని అలెక్సితైమియా అంటారు. సంతోషం, దిగులు, కోపం బొమ్మల పట్టిక ఒకటి మాకూ ఇచ్చారు. మా అమ్మాయి దానిని ఒక్కసారి చూసి పక్కన పడేసింది. ఆమెకు ఓడల పిచ్చి. ఆర్కే బీచ్‌లో నిలబడితే, బెర్తు (పోర్టులో సరుకు దించడానికి ఓడ ఆగే చోటు) ఖాళీ కోసం సముద్రంలో లంగరు వేసుకుని నిలిచిన ఓడలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టడం, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూడడం ఆమెకు రోజువారీ పని. ఒక సాయంత్రం తానే "నాన్నా, లోపల బెర్తులు నిండిపోయాయి, బయట పదకొండు ఆగి ఉన్నాయి" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో భావాల భాష అదే. "బయట ఎన్ని?" అని అడుగుతాను, ఆమె ఒక అంకె చెబుతుంది. తొమ్మిది దాటితే ఆ రోజు హోంవర్కు ఉండదు. మీ బాబు సిటీ బస్సుల నంబర్లన్నీ కంఠతా చెబుతాడని రాశారు కదా, ఆర్టీసీ కాంప్లెక్సులో ఎన్ని బస్సులు ఇరుక్కుపోయాయో అతన్ని అడిగి చూడండి. ఆ బస్సుల ఇష్టాన్ని బహుమతిగానో శిక్షగానో మాత్రం వాడకండి. పరీక్షల ముందు నేను ఓడల యాప్ తీసేయించాను. చదువు పెరగలేదు సరికదా, ఆమెకు ఊపిరి తీసుకునే చోటు పోయింది.

ఇక "పనికిరాను" అన్న మాట. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపింది అదే. అతనికి ఆటిజం ఉందని మీకు నాలుగేళ్లుగా తెలుసు గాని, అతనికి చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. పన్నెండేళ్లకు పిల్లలు తాము తోటివారిలా లేమని కనిపెట్టేస్తారు. ఆ తేడాకు మనం సరైన పేరు ఇవ్వకపోతే, మొద్దు, పిచ్చి, పనికిరానివాడు వంటి పేర్లు బడిలో ఎవరో ఒకరు ఇస్తారు. నేను మా అమ్మాయికి బీచ్ రోడ్డులో గోడ మీద పక్కపక్కన కూర్చుని, ముఖాలు సముద్రం వైపు పెట్టుకుని చెప్పాను, ఎందుకంటే ఎదురెదురుగా కళ్లలోకి చూస్తూ వినడం ఆమెకు కష్టం. "అది తగ్గిపోతుందా?" అని అడిగింది. అది జబ్బు కాదని, నీ మెదడు పనిచేసే తీరని, కొన్ని కష్టాలు మాత్రం తేలికపడతాయని చెప్పాను. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. స్నేహాల గురించి కూడా ఒక మాట చెప్పాను. తానూ ఆటిజం ఉన్నవాడే అయిన బ్రిటన్ సామాజికవేత్త డామియన్ మిల్టన్ 2012లో, ఆటిజం ఉన్నవారు ఇతరులను అర్థం చేసుకోలేకపోవడం ఎంతటిదో ఇతరులు వారిని అర్థం చేసుకోలేకపోవడం కూడా అంతటిదేనని రాశారు. లోపమంతా తనలోనే లేదన్నది ఆమెకు కొత్త సంగతి.

చెప్పినంత మాత్రాన ఆ "పనికిరాను" అన్న మాట పోతుందని అనుకోకండి. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న కౌమార వయసు పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు, చనిపోవాలన్న ఆలోచనలు తోటివారిలో కంటే ఎక్కువ. కుంగుబాటు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడవచ్చు. నిద్ర మారిపోవడం, తనను తాను కొట్టుకోవడం, ముఖ్యంగా బస్సుల మాటే ఎత్తకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అవసరం లేదు. ఇటువంటి పిల్లలకు సూటి ప్రశ్నే బాగా అర్థమవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వినగానే మనవాళ్లు వెనకాడతారు. నేనూ వెనకాడి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

బడి విషయంలో, దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అందువల్ల వైకల్య సర్టిఫికెట్‌కు ఆటిజం ఆధారంగానే వెళ్లాలి. ఆ సర్టిఫికెట్‌నే మన దగ్గర సదరం సర్టిఫికెట్ అంటారు; దాని కోసం వెళ్లినప్పుడు, గొడవల వేళలు మీరు ఇంట్లో రాసుకున్న పుస్తకం తీసుకువెళ్లండి. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో తయారైన 40 అంశాల ఐఎస్ఏఏ పట్టికను వాడతారు. అక్కడ కూడా మీ బాబు ముసుగు వేసుకుని బుద్ధిగా కూర్చుంటే అసలు కష్టం కాగితం మీదికి రాదు. సీబీఎస్ఈ అయితే అర్హులైన పిల్లలకు గంటకు ఇరవై నిమిషాల చొప్పున, మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా ఇస్తుంది. ఇవన్నీ అవసరమే గాని, నేను బడిని ముందుగా అడిగేది రెండే: అతను నమ్మి చెప్పుకోగల ఒక టీచరు, రొద మించినప్పుడు పది నిమిషాలు వెళ్లి కూర్చోగల ఒక మూల. మేము మొదట అడిగిన బడి "మాకు పిల్లలందరూ సమానమే" అని పంపేసింది. రెండో బడి లైబ్రరీ తాళం తీసిపెట్టింది.

మీ అత్తగారిని వాదించి గెలవలేరు. మా అమ్మకు పార్శ్వపు నొప్పి ఉంది. అది వచ్చినప్పుడు వెలుతురు, గిన్నెల చప్పుడు భరించలేక తలుపు వేసుకుని పడుకుంటుంది. "నీకు నెలకోసారి వచ్చేది దానికి రోజూ బడిలో వస్తుంది" అన్నాను. సిద్ధాంతాలు ఎన్ని చెప్పినా తలకెక్కని సంగతి ఆ ఒక్క మాటతో ఎక్కింది. ఇప్పుడు నాలుగున్నరకు సీరియల్ కట్టేసేది ఆమే. పెళ్లిళ్లకు మేము తలంబ్రాల వేళకు వెళ్లి, డీజే మొదలయ్యేలోగా వచ్చేస్తాం. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకుంటారు.

ఈ వయసులో శరీరంలో వచ్చే మార్పులను బొమ్మలతో, తేటమాటలతో ముందే చెప్పి ఉంచండి. గొంతు మారడం, చెమట వాసన ఏదీ అతనికి ఒక్కసారిగా ఎదురుపడకూడదు. ఉన్నట్టుండి కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకకపోవడం గాని, మూర్ఛ గాని కనిపిస్తే దానిని కోపం కింద జమ కట్టకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛవ్యాధి కౌమారంలో మొదలయ్యే అవకాశం ఉంది.

అన్నిటికంటే ముందు, ఈ సోమవారం నుంచి బడి టైంటేబుల్ పక్కన పెట్టుకుని ఏ రోజు గొడవ ఎక్కువగా ఉందో గుర్తు వేయండి. మా అమ్మాయికి అది గురువారం. ఆ రోజు పీఈటీ పీరియడ్ అయిన వెంటనే, ఆమె ఇంకా రొప్పుతూ ఉండగానే, అందరి ముందూ నిలబెట్టి పద్యం అప్పగించమనేవారని మాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది. తెలుగు మాస్టారితో మాట్లాడితే, పద్యాన్ని శుక్రవారం పొద్దున తన బల్ల దగ్గరే అప్పగించడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు.