ఐసోపాడ్ల పెట్టెలో ఏం సర్దాలి? ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉండేలా చూడండి

మీరు అడిగినవి మూడు. ఇంట్లో ఖాళీగా పడి ఉన్న రెండడుగుల అక్వేరియంలో మీ అబ్బాయి కోసం ఐసోపాడ్లు (తడి నేల మీద, రాలిన ఆకుల కింద బతికే చిన్న జీవులు) పెంచవచ్చా, లోపల అందంగా కనిపించడానికి ఏమేం సర్దాలి, హైదరాబాద్ ఎండలకు బతుకుతాయా అని. పెంచవచ్చు, బతుకుతాయి కూడా. నేను ఉండేది విజయవాడలో, ఇక్కడి మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు, అయినా కొన్నేళ్లుగా పెంచుతున్నాను. రెండో ప్రశ్నకే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వీటి విషయంలో సర్దడమే పెంపకం. పెట్టె కుదిరితే ఆ తర్వాత మనం చేసేది చాలా తక్కువ, కుదరకపోతే రోజూ ఏదో ఒకటి చేస్తున్నా అవి తగ్గిపోతూనే ఉంటాయి.

చూడటానికి పురుగుల్లా ఉంటాయి గానీ ఇవి రొయ్యలు, పీతల జాతికి చెందినవి. నేల మీద బతుకుతున్నా ఊపిరికి ఇప్పటికీ తడి కావాలి. పొట్ట కింద వెనక భాగంలో రేకుల్లాంటి అవయవాలు ఉంటాయి, గాలి పీల్చేది వాటితోనే, అవి ఎండిపోతే చచ్చిపోతాయి. అలాగని పెట్టె మొత్తం చిత్తడి చేసినా చచ్చిపోతాయి. పైగా ఒంట్లోని వ్యర్థాన్ని ఇవి చాలావరకు అమ్మోనియా వాయువు రూపంలో వదులుతాయి, గాలి ఆడకుండా మూత బిగిస్తే అది లోపలే పోగుపడుతుంది. అంటే తడి కావాలి, గాలీ కావాలి. ఒక్కచోట రెండూ సరిపోయేలా చేయడం కష్టం కాబట్టి ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉంచి, ఎప్పుడు ఎక్కడ ఉండాలో వాటికే వదిలేయాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

మీ అక్వేరియం పొడవులో మూడో వంతు తడి పక్క అనుకోండి. అక్కడ నాచు పరవండి. వానాకాలంలో పాత గోడల మీద పట్టే పచ్చటి నాచైనా సరే, నర్సరీల్లో ఆర్కిడ్ల కోసం అమ్మే స్ఫాగ్నమ్ మాస్ అయినా సరే. నీళ్లు ఆ మూలలోనే, గాజు గోడ వెంబడి నెమ్మదిగా పోయండి, అప్పుడు అడుగుదాకా దిగి అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా పొడి పక్కకు పాకుతాయి. రోజూ స్ప్రే బాటిల్‌తో పెట్టెంతా కొట్టమని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. పైన ఆకులు తడిసి కనిపిస్తాయి గానీ వేలు పెట్టి చూస్తే కింద మట్టి పొడిగానే ఉంటుంది. మీకు హైదరాబాద్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్వేరియం పైభాగం మొత్తం తెరిచి ఉంచితే తడి నిలవదు. దోమల జాలీ బిగించి, తడి పక్క పైన మాత్రం ఒక ప్లాస్టిక్ షీటు వేయండి. వైజాగ్‌లోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకైతే ఆ షీటు కూడా వద్దంటాను.

కింద పోసే మట్టి నాలుగు వేళ్ల మందం, అంటే 6 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటే మంచిది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక వాడేట్టయితే దాంట్లో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నానబెట్టి నీళ్లు పిండేయాలి. ఒక్క కోకోపీటే పోస్తే దాంట్లో వాటికి తినడానికి ఏమీ ఉండదు, కాబట్టి బాగా కుళ్లిన ఆకు ఎరువు సగానికి సగం కలపండి. ఇక్కడ ఒక్క విషయంలో చాలా జాగ్రత్త: నర్సరీలో కుండీలకని కలిపి అమ్మే మట్టిలో ఎక్కువగా వేపపిండి ఉంటుంది. మొక్కలకు అది మంచిదే, ఐసోపాడ్లకు మాత్రం ప్రమాదం. కొనేముందు అడగండి, వాళ్లు ఖచ్చితంగా చెప్పలేకపోతే ఆ మట్టి తేవద్దు.

ఇక సామాను. రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, అక్వేరియం బొమ్మలు అన్నీ తీసేయండి, వాటితో వీటికి పని లేదు. వీటి ఇంట్లో సామాను అంటే సగం వరకు తిండే. అన్నిటికంటే ముఖ్యమైనది ఎండుటాకులు, అందులోనూ మన వీధుల్లో ఉండే బాదం చెట్టు ఆకులు. ఎర్రబడి రాలి, బాగా ఎండి గోధుమరంగులోకి వచ్చినవి ఏరుకుని, మరిగే నీళ్లు పోసి నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి, రెండు మూడు పొరలుగా పరవండి. పెద్ద బాదం ఆకును వదిలేసి కొన్నాళ్లు ఆగి చూడండి: మెత్తటి భాగమంతా కొరికేసి నడిమి ఈనె, పక్క ఈనెలు, వాటి మధ్య సన్నటి వల మాత్రం మిగులుస్తాయి, ఎత్తి వెలుతురులో పెడితే అవతలి పక్క కనిపిస్తుంది. మీ పెట్టె బాగుందా లేదా అన్నది దాన్ని బట్టే తెలిసిపోతుంది. పనస ఆకులు, జామ ఆకులు కూడా తింటాయి. వేప, యూకలిప్టస్ మాత్రం పొరపాటున కూడా వద్దు. రోడ్డు పక్క దుమ్ము, పొగ పట్టినవి, మందు కొట్టిన తోటల్లోవి కూడా వద్దు.

ఆకుల తర్వాత చెక్క. విదేశీ వీడియోల్లో కనిపించే కార్క్ బెరడు ఇక్కడ ఖరీదు, అవసరం కూడా లేదు. ఎండిపోయిన మామిడి కొమ్మ బెరడు, కొబ్బరి చిప్పలు, పగిలిన కుండ పెంకులు, పాత బంగళా పెంకు ముక్క చాలు. వేలితో నొక్కితే పొడి రాలేంత పుచ్చిపోయిన తెల్లటి చెక్క దొరికితే అదృష్టమే, దాన్ని ఆకులకన్నా ఇష్టంగా తింటాయి. చెదలు లేవని చూసుకుని, మరిగే నీళ్లలో నానబెట్టి, ఆరాక పెట్టండి. బెరడు ముక్కలు ఒకటి తడి పక్క, ఒకటి మధ్యలో, ఒకటి పొడి పక్క ఉండేలా వేస్తే ఎక్కడికి వెళ్లినా దాక్కోవడానికి చోటు ఉంటుంది. పిల్లవాడు చూడాలంటే ఇంకో ఉపాయం ఉంది. ఒక పెద్ద బెరడును ముందు గాజుకు ఆనించి, లోపలి గుంట మనవైపు ఉండేలా నిలబెట్టండి, బయటనుంచి ఆ చోట నల్ల కాగితం అంటించండి. చీకటిగా ఉంటుంది కాబట్టి అవి అక్కడే గుంపుగా చేరతాయి. కాగితం ఎత్తితే కనిపిస్తాయి, మూత తీయక్కర్లేదు, ఏదీ కదపక్కర్లేదు.

మీ వాడికి తప్పకుండా చూపించాల్సింది ఇవి పొర విడవడం. ముందు పొట్ట కింద తెల్లటి మచ్చలు తేలతాయి, పాత పెంకులోని కాల్షియాన్ని అలా ఒంట్లో దాచుకుంటాయి. ఆ తర్వాత వెనక సగం పొర ఊడుతుంది, ముందు సగం ఇంకా అలాగే ఉంటుంది, కాబట్టి ఒకటి రెండు రోజులు వెనక లేత రంగు, ముందు ముదురు రంగుతో రెండు ముక్కలు అతికించినట్టు కనిపిస్తుంది. జబ్బు చేసిందేమో అని టెన్షన్ పడకండి, ముట్టుకోకండి కూడా. ఊడిన పొరను అదే తినేస్తుంది. ఇంకా కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకులు కడిగి ఎండబెట్టి నలిపి వేయండి, లేదా లవ్‌బర్డ్స్ అమ్మే షాపుల్లో దొరికే కటిల్ బోన్ ముక్క పొడి పక్కన పడేయండి. పిల్లలు పుట్టేది కూడా చూడదగ్గదే. తల్లి పొట్ట కింద సంచిలో గుడ్లు పొదిగి, తెల్లటి చుక్కల్లాంటి పిల్లల్ని బయటికి వదులుతుంది. వాటికి అప్పుడు ఆరు జతల కాళ్లే ఉంటాయి, ఏడో జత పొర విడిచాక వస్తుంది.

పైతిండి చాలా కొంచెం. దోసకాయ, గుమ్మడి, క్యారెట్ ఏదైనా బాగా కడిగి వేలెడు ముక్క వేయండి, మర్నాడు మిగిలింది తీసేయండి. ప్రొటీన్‌కు చేపల ఫుడ్ చిటికెడు చాలు. ఎండు రొయ్య వేస్తే ఉప్పు పోయేదాకా నానబెట్టి, వారానికి ఒక్కసారికి మించకుండా. కింద నల్లటి గింజల్లా పేరుకునేది వాటి రెట్ట, దాన్ని మళ్లీ తింటాయి, శుభ్రం చేస్తున్నామని తీసేయకండి. వాసన రాదు. వస్తోందంటే నీళ్లు ఎక్కువయ్యాయనో తిండి కుళ్లుతోందనో అర్థం. మొదట్లో చెక్క మీద తెల్లటి బూజు వస్తుంది, దాన్ని తినేయడానికి స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న తెల్లటి జీవులు ఉండాలి. తడి కుండీల కింద ఉండే మట్టిని ఒక గిన్నెలో వేసి నీళ్లు పోస్తే అవి పైకి తేలి గంతులేస్తాయి, వాటిని నీళ్లతో సహా తడి పక్కన వంపేయండి.

ఏ రకం తెచ్చుకోవాలంటే, మొదటిసారికి పౌడర్ బ్లూ లేదా పౌడర్ ఆరెంజ్ అని అమ్మే రకాలు తీసుకోండి. రెండూ ఒకే జాతి, వేడికి తట్టుకుంటాయి, త్వరగా పెరుగుతాయి. అవి ఉండచుట్టుకోవు, చాలా వేగంగా పరిగెడతాయి. ముట్టుకుంటే గుండ్రంగా చుట్టుకునేవి కావాలంటే ఆర్మడిల్లిడియమ్ వల్గరే, కాకపోతే సంతానం నెమ్మది. థాయ్‌లాండ్ సున్నపురాతి ప్రాంతాల రబ్బర్ డకీ అందంగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే, దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. పదిహేను దాకా తీసుకుంటే గుంపు నిలదొక్కుకుంటుంది. ఏదైనా ఒక్కటి ఉన్నట్టుండి మెరిసే నీలం లేదా ఊదా రంగుకు తిరిగితే మాత్రం వెంటనే వేరుచేయండి, అది వైరస్, మందు లేదు. పౌడర్ బ్లూకి పుట్టుకతోనే ఉండే బూడిద నీలం వేరు, దానికి కంగారుపడొద్దు. ఎక్కువైపోతే మరొకరికి ఇవ్వండి గానీ బయటి జాతుల్ని తోటలో వదలకండి.

ఎండాకాలానికి పెట్టెను కిటికీకి దూరంగా, లోపలి గదిలో నేలకు దగ్గరగా పెట్టండి. లోపల 30 డిగ్రీలు దాటకుండా చూస్తే చాలు. మరీ వేడి రోజుల్లో తడిపిన గోనెసంచి గాజు చుట్టూ కప్పుతాను, గట్టిగా పని చేస్తుంది. ఏసీ గదిలో పెడితే త్వరగా ఎండిపోతుంది, రోజూ తడి పక్క చూసుకోండి. బయటికి పాకి వస్తాయా అన్న అనుమానం ఉంటే, శుభ్రమైన గాజును ఎక్కలేవు, కానీ అక్వేరియం మూలల్లోని సిలికాన్ పట్టుకుని కొన్ని ఎక్కుతాయి, జాలీ అందుకే.

అపార్ట్‌మెంట్‌లో అసలు భయం ఎండ కన్నా మందులు. మస్కిటో లిక్విడ్ మెషిన్, హిట్ లాంటి స్ప్రేలు, చీమల కోసం గీసే చాక్‌పీసు, బీరువాలో కలరా ఉండలు, ఇవేవీ పెట్టె ఉన్న గదిలో వాడొద్దు. అసోసియేషన్ వాళ్లు పెస్ట్ కంట్రోల్ పెట్టించిన రోజు పెట్టెను బంధువుల ఇంటికి పంపించండి. చీమలకు మందు కాదు, స్టాండు కాళ్ల కింద నీళ్లు పోసిన పళ్లేలు పెట్టండి.

ముందు పెట్టె సర్ది రెండు మూడు వారాలు ఖాళీగా ఉంచి, స్ప్రింగ్‌టెయిల్స్ కుదురుకున్నాక ఐసోపాడ్లను వదలండి. వదిలేముందు ముందు గాజు వైపునుంచి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, తడి ఎక్కడిదాకా పాకిందో మట్టి రంగును బట్టి చూసి నీళ్లు తగ్గించాలో పెంచాలో చెబుతాను.