బర్రె దూడ తలలో నీరెందుకు చేరింది?

ప్రశ్న: మా ముర్రా బర్రె మూడో ఈతలో ఈనలేక రాత్రంతా తిప్పలు పడింది. డాక్టరు గారు లోపలే దూడ తలకు గాటు పెట్టి నీళ్లు తీస్తే గానీ బయటికి రాలేదు, దూడ దక్కలేదు. ఊరి దున్నతోనే దాటించాం, ఎండాకాలమంతా వరిగడ్డి, తవుడే పెట్టాం. గ్రహణం పట్టిందంటున్నారు. బర్రెను అమ్మేయాలా?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, బర్రెను అమ్మనవసరమూ లేదు. మెదడు లోపలి గదుల్లో నిత్యం ఊరే ద్రవం సన్నని దారుల గుండా పైపొరల మీదికి వచ్చి రక్తంలో కలిసిపోవాలి. కడుపులో ఉండగానే ఆ దారి మూసుకుపోయినా, రక్తంలో కలవడం మందగించినా, ద్రవం లోపలే నిలిచి, ఇంకా అతుక్కోని పుర్రె ఎముకలను ఎడంగా నెట్టి తలను గుమ్మడికాయలా ఉబ్బిస్తుంది. నుదుటిని వేలితో నొక్కితే ఎముక తగలకుండా నీళ్ల తిత్తిలా మెత్తగా ఉంటుంది. నీరు తీస్తే పుర్రె కుంచించుకుని దూడ జారుతుంది కనుక, మీ డాక్టరు గారు చేసింది సరైన పనే. తల్లికి ఆపరేషన్ తప్పింది.

ఇలాంటి దూడ బతికి పుట్టినా సాధారణంగా లేచి పొదుగు పట్టలేదు. మనుషుల్లోనైతే మెదడు నుంచి పొట్టలోకి సన్నని గొట్టం అమర్చి నీటిని మళ్లిస్తారు గానీ, పశువుల్లో అది ఆచరణ సాధ్యం కాదు.

సూడి కాలంలో తల్లికి సోకిన కొన్ని వైరస్‌లు కూడా ఇందుకు కారణం కావచ్చు. అయితే మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం రెండింటి మీద. మొదటిది మేత. ఎండిన వరిగడ్డిలో విటమిన్ ‘ఎ’ తయారీకి కావలసిన కెరోటిన్ దాదాపు ఉండదు. పచ్చిమేత లేకుండా నెలలు గడిస్తే కాలేయంలోని నిల్వ కూడా అడుగంటుతుంది. సూడి తల్లికి ఈ విటమిన్ లోపిస్తే దూడ మెదడులోని ద్రవం రక్తంలో కలవడం మందగిస్తుంది. మునిమాపు వేళ మీ బర్రె గుంజకు తగులుకోవడం, గుంటలో కాలు వేయడం గమనించారా? అది రేచీకటి, ఈ లోపానికి తొలి గుర్తు. వచ్చే సూడిలో రోజూ పచ్చి మొక్కజొన్న, అలసంద వంటి మేత పెట్టండి (లేత జొన్న మాత్రం వద్దు, విషం), విటమిన్ సూదిమందు అవసరమో కాదో డాక్టరు గారినే తేల్చమనండి.

రెండోది దున్న. పైకి కనిపించని లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ ఉంటే దూడలో బయటపడవచ్చు. ఒకే దున్న ఏళ్ల తరబడి ఊళ్లో ఉండి తన కూతుళ్లనే దాటితే ఆ ముప్పు పెరుగుతుంది. గర్భసంచిలో చీము లేదని పరీక్షలో తేలాక, కనీసం రెండు మూడు నెలలాగి కృత్రిమ గర్భధారణ చేయించండి. ఆ దున్నకు ఇలాంటి దూడ మరొకటి పుట్టిందని తెలిస్తే, దాన్ని దాటించడం మాన్పించి, చనిపోయిన దూడను పాతిపెట్టకుండా వెంటనే మామునూరు పశువైద్య కళాశాలలో చూపించండి.