అండమాన్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేముందు ఆ షరతు మార్పించుకోండి

ప్రశ్న: డిసెంబరులో అత్తమామలు, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం అండమాన్ వెళ్లాలనుకుంటున్నాం. హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెంట్ విమానం టికెట్లు, హోటళ్లు, దీవుల మధ్య ఫెర్రీ అన్నీ కలిపి 2,40,000 రూపాయలు చెప్పారు. సగం అడ్వాన్స్ కట్టాలట. వాళ్లు పంపిన కాగితంలో "తుపాను, వాతావరణం, ఫెర్రీ రద్దు సహా ఏ కారణం చేతనైనా డబ్బు వాపసు ఇవ్వబడదు. వివాదాలు ముంబై కోర్టుల పరిధిలోనే" అని ఉంది. అడిగితే "అందరూ ఇలాగే రాస్తారు మేడమ్, మేం చూసుకుంటాం" అంటున్నారు. మామగారికి గుండె ఆపరేషన్ అయింది. ఆఖరి నిమిషంలో ఆయన రాలేకపోతే ఏమవుతుందో అని టెన్షన్‌గా ఉంది. డబ్బు కట్టమంటారా? ఇంకో సందేహం: అక్కడ బీచ్‌లో పిల్లలు గవ్వలు ఏరినా కేసు పెడతారంటున్నారు, నిజమేనా?
ఒక పాఠకురాలు

జవాబు: ప్రయాణం మానుకోనక్కర్లేదమ్మా. కాకపోతే ఆ షరతు మార్చి రాసిచ్చేదాకా రూపాయి కూడా కట్టకండి. ఇక్కడ మొహమాటపడితే నష్టపోయేది మీరే. అడ్వాన్స్ అందకముందు ఏజెంట్ వినే మాట, అందాక వినరు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. తుపానే రానక్కర్లేదు. సముద్రం అల్లకల్లోలంగా ఉందని హెచ్చరిక వస్తే చాలు, శ్రీ విజయపురం (అదే, పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి హేవ్‌లాక్, నీల్ దీవులకు వెళ్లే ఫెర్రీలు ఆపేస్తారు. ఆ దీవుల పేర్లు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌గా మారాయి, టికెట్ల మీద అవే కనిపిస్తే కంగారుపడకండి. అంటే మీ ఏజెంట్ "వాపసు లేదు" అని రాసుకున్నది ఎప్పుడో లక్షకోసారి జరిగే సంగతి గురించి కాదు, మీరు వెళ్లే నెలలోనే జరగడానికి వీలున్న దాని గురించి.

చట్టం మనవైపు లేదా అంటే, ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న పని ఎవరి తప్పూ లేకుండా అసాధ్యమైతే ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. అలా పోయినప్పుడు పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలని 65వ సెక్షన్ చెబుతుంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. తుపాను వస్తే ఏం చేయాలో ఒప్పందంలోనే రాసుకుని ఉంటే, 56వ సెక్షన్ దాకా వెళ్లనివ్వరు, రాసుకున్న మాటే ముందు చూస్తారు. సుప్రీంకోర్టు 1954లో సత్యబ్రత ఘోష్ కేసులోనూ, 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులోనూ చెప్పింది ఇదే. మీ కాగితంలో "తుపాను" అన్న మాటను ప్రత్యేకంగా ఇరికించింది అందుకే. సంతకం పెట్టేస్తే బలమైన వాదన ఒకటి మన చేతిలోంచి పోయినట్టే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కొంత ఆదుకుంటుంది. ఏకపక్షంగా రాసిన షరతును అన్యాయమైన ఒప్పందంగా పరిగణించి, అది చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లకు ఉంది. జిల్లా కమిషన్‌కు మాత్రం ఆ అధికారం ఇవ్వలేదు. అక్కడ సేవాలోపం అనో, అనుచిత వ్యాపార పద్ధతి అనో వాదించి డబ్బు రాబట్టుకోవాలి. వీలుకాదని అనను, వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఇప్పుడు ఒక ఈమెయిల్‌తో సర్దుకునే దానికోసం తర్వాత కమిషన్ చుట్టూ తిరగడం ఎందుకు?

ఏజెంట్‌కు ఈ మాటలు యథాతథంగా పంపండి:

"వాతావరణం వల్లగానీ, ప్రభుత్వ ఆదేశాల వల్లగానీ విమానం, ఫెర్రీ లేదా హోటల్ బస రద్దయితే, ఆయా సంస్థలు తిరిగి ఇచ్చిన మొత్తాన్ని 15 రోజుల్లో మీకు చెల్లిస్తాము. మా సర్వీసు చార్జీ (ఇంత) తప్ప ఏదీ మినహాయించము. ఏ సంస్థ అయినా డబ్బు ఇవ్వకపోతే దాని రాతపూర్వక జవాబును మీకు చూపిస్తాము. ప్రయాణికుల్లో ఒకరు రాలేకపోతే రద్దు చార్జీ ఆ ఒక్కరి వాటాకే వర్తిస్తుంది."

ఇది ఏజెంట్‌కు అన్యాయం చేసే షరతు కాదు. సీజన్‌లో ఆయన కూడా హోటల్‌కు ముందే డబ్బు కట్టేస్తారు, అది వెనక్కి రాకపోతే సొంత జేబులోంచి ఇవ్వమనడం న్యాయం కాదు. హోటల్ తిరిగిచ్చాక కూడా తన దగ్గరే ఉంచుకోవడం మాత్రం కుదరదు. దీనికి కూడా ఒప్పుకోని ఏజెంట్‌ను వదిలేయమనే నా సలహా. ఒప్పుకుంటే ఫోన్‌లో చెబితే చాలదు, ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో "అంగీకరిస్తున్నాం" అని రాయించుకోండి.

విమానం సంగతి వేరే. వాతావరణం బాగాలేక విమానసంస్థే సర్వీసు రద్దు చేస్తే టికెట్ డబ్బయినా ఇవ్వాలి, మరో విమానంలోనైనా పంపాలి. దానిపైన నష్టపరిహారం రాదు, ఎందుకంటే వాతావరణం వాళ్ల చేతిలో లేదు. ఏజెంట్ ద్వారా కొన్న టికెట్ అయినా రిఫండ్ బాధ్యత విమానసంస్థదేనని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. కానీ చాలామంది ఇరుక్కునేది ఇంకోచోట. హేవ్‌లాక్‌లో ఫెర్రీ ఆగిపోయి, విమానం మాత్రం టైముకే ఎగిరిపోతే, విమానసంస్థ తప్పేమీ లేదు. మీరే రానట్టు లెక్క. టికెట్‌లో ఉన్న పన్నులు, విమానాశ్రయ రుసుములు అడిగితే వెనక్కిస్తారు, అసలు చార్జీ పోయినట్టే. అందుకని ప్యాకేజీలో ఆఖరి రాత్రి బస కచ్చితంగా శ్రీ విజయపురంలోనే పెట్టించండి. చాలా ప్యాకేజీల్లో పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అని పెడతారు, అది ఒప్పుకోవద్దు. దీవిలో ఒక రాత్రి ఎక్కువ ఉండాల్సి వస్తే ఆ గది అద్దె ఎవరిదో కూడా ముందే అడిగి రాయించుకోండి.

మామగారి విషయంలో ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయనకు ఒంట్లో బాగాలేక మీరే రద్దు చేసుకుంటే, అది 56వ సెక్షన్ కింద అసాధ్యం కాదు, మీ వైపు కారణం. ఇన్ని రోజుల ముందు రద్దయితే ఇంత కోత అనే పట్టిక ఉంటే దాని ప్రకారమే పోతుంది. కోత మరీ ఎక్కువైతే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఉంది: రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, అందులోపల సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. ఈ వాదన కన్నా ముందు దేశీయ ప్రయాణ బీమా తీసుకోవడం తెలివైన పని. అందులో ఆపరేషన్ సంగతి దాచకండి. పాత జబ్బు వల్ల ప్రయాణం రద్దయితే వర్తిస్తుందా లేదా అన్నది పాలసీ పత్రంలో చదివాకే కట్టండి. ఏజెంట్ "అన్నీ కవరవుతాయి" అన్నంత మాత్రాన సరిపోదు.

ముంబై కోర్టుల మాట చూసి బెదరకండి. వినియోగదారుడు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చని 2019 చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. ఇలాంటి షరతు కమిషన్ ముందు సాధారణంగా నిలబడదు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే చాలు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. దానికన్నా ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి.

అడ్వాన్స్ సంస్థ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే పంపండి, ఎవరో ఒకరి సొంత యూపీఐ నంబరుకు వద్దు. పీఎన్ఆర్ (విమాన టికెట్ బుకింగ్) నంబరు ఇవ్వగానే విమానసంస్థ సైట్‌లో మీ ఆరుగురి పేర్లు చూసుకోండి. హోటల్‌కు మీరే ఫోన్ చేసి బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి. మోసమని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి, డబ్బు చేతులు మారకముందే ఆపడానికి వీలుంటుంది.

గవ్వల గురించి మీరు విన్నది ఉత్త పుకారు కాదు. పగడపు ముక్కలకు, కొన్ని రకాల గవ్వలకు, శంఖాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడం ముక్క అయినా సంచిలో వేసుకోకూడదు. ఏది రక్షిత జాతో పిల్లలకే కాదు, మనకూ తెలియదు కాబట్టి చేత్తో పట్టుకుని చూసి అక్కడే వదిలేయమని చెప్పండి. విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికితే స్వాధీనం చేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. బారాటాంగ్ దీవి వైపు వెళ్తే దారిలో జరావా గిరిజనులను ఫోటో, వీడియో తీయడం కూడా నేరమే, ఫోన్లు సంచిలో పెట్టించండి. దుకాణంలో శంఖు వస్తువులు కొంటే బిల్లు అడిగి తీసుకుని, తనిఖీ దగ్గర చూపించడానికి చేతి సంచిలో ఉంచుకోండి.