పాత ఓమ్నిలో లక్క బొమ్మలు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది యలమంచిలి దగ్గర పల్లె. నేనూ మా ఆయనా ఏటికొప్పాక లక్క బొమ్మలు చేస్తాం. దుకాణాల వాళ్లకి టోకున ఇస్తే కూలి కూడా గిట్టడం లేదు. మా మామయ్యగారి పాత మారుతి ఓమ్ని ఇంటి వెనక ఊరికే పడి ఉంది. అందులో సరుకు వేసుకుని సంతలూ జాతరలూ తిరిగి మేమే అమ్ముకుందామనుకుంటున్నాం. చుట్టాలేమో ‘ఊళ్లు పట్టుకు తిరుగుతారా’ అని కోప్పడుతున్నారు. వెళ్లమంటారా?
- ఒక సోదరి, అనకాపల్లి జిల్లా

జవాబు: వెళ్లండమ్మా. పదకొండేళ్లు అలాంటి ఓమ్నిలోనే, అవే బొమ్మలతో తిరిగినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ముందు బండి సంగతి. ఓమ్నికి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. మాకు ఆ మాట తెలుసు గానీ, సరుకు సర్దేటప్పుడు గుర్తు రాలేదు. మొదటి ఏడు వేసవిలో కుంకుమ భరిణెల మెరుపు పోకూడదని ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి సీటు వెనకే పేర్చాం. తుని దాటాక ఎండలోనే బండి ఆపి భోజనం చేశాం. సాయంత్రం విప్పి చూస్తే లక్క మెత్తబడి కవరు అతుక్కుపోయింది. లాగితే భరిణె నిండా ముడతల అచ్చు. నలభై భరిణెలు! మా ఆయన ఆ రాత్రి ఒక్కోదాన్నీ చేత్తో తడుముతూ కూర్చున్నారు, అన్నం ముట్టలేదు. ఇంటికొచ్చాక మళ్లీ లేతు మీద ఎక్కించి మొగలి ఆకుతో రుద్దితే సగం దక్కాయి. మీరు పాత నూలు చీరల ముక్కల్లో చుట్టండి. సీటు వెనక మీ బట్టల సంచులు పెట్టి, బొమ్మల అట్టపెట్టెలు వెనక తలుపు వైపు ఉంచండి.

కాగితాల విషయంలో అశ్రద్ధ వద్దు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ గడువు దాటితే బండి చూపించి మరో 5 ఏళ్లకి రెన్యువల్ చేయించాలి. తెల్ల బోర్డు బండిలో అమ్మకం సరుకు వేసుకునే ముందు రవాణా శాఖ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనీ అడిగి తెలుసుకోండి. కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం ఇచ్చే పహచాన్ కార్డు మీ ఇద్దరికీ లేకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వ మేళాల్లో స్టాలు అడగడానికి అది అక్కరకొస్తుంది.

ఇక అమ్మకం. వారపు సంతకి అలంకరణ బొమ్మలు తీసుకెళ్లకండి. అక్కడికి వచ్చేవాళ్లు ఉప్పూ పప్పూ కొనగా మిగిలిన చిల్లరతో మీ దగ్గరికొస్తారు. బొంగరాలు, గిలక్కాయలు, భరిణెలు చాలు. స్టీలు పళ్లెంలో ఒక బొంగరం తిప్పి వదలండి. పిల్లలు దాని చుట్టూ చేరతారు, వెనకే తల్లులొస్తారు. వాళ్లు ముందు అడిగేది రంగు గురించే. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులైతే ఆ మాటే చెప్పండి. బజారు రంగు కలిపిన బొమ్మని మాత్రం సహజమని చెప్పి అమ్మకండి. పసిబిడ్డ నోట్లో పెట్టుకునే వస్తువది.

పెట్రోలు, ఆశీలు, తిండి, మీ ఇద్దరి రోజుకూలి కలిపి లెక్క వేసుకోండి. ఆడవాళ్లం మన కూలి లెక్కలో రాయడం మర్చిపోతాం. నేను నాలుగేళ్లు రాయలేదు. ఆ లెక్కకి తగ్గించి అడిగితే నవ్వుతూనే ‘గిట్టదమ్మా’ అనండి.

హైదరాబాదు వాళ్లు ‘ఇవి కర్ణాటక చన్నపట్న బొమ్మలా?’ అని అడుగుతారు. నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేసిన బొమ్మలని, 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చిందని ఓపిగ్గా చెప్పండి. ‘ఏటికొప్పాక’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి. నాంపల్లి నుమాయిష్ జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. అన్నాళ్లు గది అద్దె, స్టాలు అద్దె మోయడం మొదటి ఏడాదే వద్దు.

చుట్టాల మాటకి బాధపడకండి. మా అత్తగారూ అలాగే అన్నారు, మూడో ఏడు మాతో పాటు బండెక్కారు.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. మీకు దగ్గర, జనం బాగా వస్తారు, రెండు రోజుల్లో ఇంటికి చేరతారు. మొదటి ప్రయాణం అక్కడికే పెట్టుకోండి. బయల్దేరే ముందు క్లచ్ కేబులు కొత్తది వేయించండి. పాతది పారేయకుండా, దారిలో అక్కరకొస్తుందని బండిలోనే ఉంచండి. ఏమేం అమ్ముడయ్యాయో నాకు రాయండి.