అత్తగారి పోపుల డబ్బా, మీ వారి క్రెడిట్ కార్డు

ప్రశ్న: నేను విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా వారు మెడికల్ రెప్. ఇద్దరి జీతం కలిపి 64,000. అద్దె, పిల్లాడి చదువు, బండి ఈఎంఐ పోను బాగానే మిగలాలి. కానీ 20వ తారీఖు వచ్చేసరికి ఖాతా ఖాళీ. మా దగ్గరే ఉండే అత్తగారు 'ఆ ఫోన్లు, కార్డులు పక్కన పడేసి డబ్బు చేత్తో ఖర్చు పెట్టండి, అప్పుడు తెలుస్తుంది' అంటారు. మా వారేమో సరుకులు, పెట్రోలు, బట్టలు అన్నీ క్రెడిట్ కార్డు మీదే కానిస్తారు. నెలకు 18,000 దాకా అవుతుంది. పాయింట్లు వస్తాయి, బిల్లు ఆటోపేలో ఉంది, పోయిన నెల 2,600 మాత్రమే కట్ అయింది, అదేం భారం కాదు అంటారు. ఆటోపే పెట్టి మూడు నెలలైంది. మిగతా చిల్లర ఖర్చంతా నేను ఫోన్‌పేలో చేస్తాను. జూన్‌లో కట్టాల్సిన పిల్లాడి ఫీజు కోసం వేసిన 60,000 ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. నగదు మేలా, కార్డు మేలా? ఇంట్లో ఎంత నగదు ఉంచుకోవచ్చో కూడా చెప్పండి.

జవాబు: మీరు అడిగిన ప్రశ్నకు తర్వాత వస్తానమ్మా. మీ ఉత్తరంలో రెండు అంకెలు ఒకదానికొకటి పొసగడం లేదు. ముందు వాటి సంగతి చూద్దాం. కార్డు మీద నెలకు 18,000 వాడుతున్నారు. ఖాతాలోంచి పోయింది 2,600. మరి మిగతాది ఎవరు కట్టారు?

ఎవరూ కట్టలేదు. కార్డుకు ఆటోపే పెట్టేటప్పుడు రెండు గళ్ళు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది కనీస మొత్తం, అంటే మినిమం డ్యూ. మీ వారు రెండో గడిలో టిక్కు పెట్టి ఉంటారు. ఈ కనీస మొత్తం చాలా కార్డులకు బాకీలో 5 శాతం దగ్గర ఉంటుంది. 2,600 కట్ అయిందంటే అప్పటికి బాకీ 52,000 దగ్గర ఉండాలి. నెలకు 18,000 చొప్పున మూడు నెలలంటే 54,000. మీ లెక్కా నా లెక్కా దాదాపు కలిశాయి.

ఆయన్ని తప్పు పట్టకండి. ఈ పొరపాటు నేనూ చేశాను. కొన్నేళ్ళ కిందట కొత్త కార్డుకు ఫారం నింపుతూ చూసుకోకుండా తప్పు గడిలో టిక్కు పెట్టాను. రెండో నెల స్టేట్‌మెంట్‌లో 'ఫైనాన్స్ చార్జెస్', అంటే వడ్డీ, అన్న మాట కనబడేదాకా తెలియలేదు. ఊరందరికీ లెక్కలు చెప్పే నేను ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడిలా బయటపడింది.

కార్డు వడ్డీ సాధారణంగా నెలకు 3 నుంచి 3.75 శాతం. మధ్యలో 3.5 వేసుకుందాం. 52,000 మీద నెల వడ్డీ 1,820. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 328. మొత్తం 2,148. మీరు కట్టిన 2,600లో అసలుకు జమ అయ్యేది 450 రూపాయలు. ఇక పాయింట్లు. మంచి కార్డయితే నూటికి ఒక రూపాయి విలువ చేస్తాయి. 18,000 మీద 180 రూపాయలు. పెట్రోలుకు చాలా కార్డులు అసలు పాయింట్లే ఇవ్వవు, కాబట్టి అంతకూడా రాదు. నూట ఎనభై వస్తోందని సంబరపడుతూ రెండు వేల నూట యాభై ఇస్తున్నారన్నమాట.

ఇంకో దెబ్బ కూడా ఉంది. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి ఆ నలభై, యాభై రోజుల వడ్డీలేని గడువు వర్తించదు. ఈరోజు కొన్న బియ్యం బస్తా మీద ఈరోజు నుంచే వడ్డీ. కిరాణా కొట్లలో 'నేడు నగదు, రేపు అరువు' అని బోర్డు ఉండేది గుర్తుందా? కార్డు ఆ బోర్డును తిరగేసి పెట్టింది.

ఇప్పుడు అసలు బాధ కలిగించే మాట చెప్పాలి. మీరు జీతం 20కి అయిపోతోందని రాశారు. నిజానికి జీతం 64,000 కాక, నెలకు మరో 15,000 పైగా అప్పు చేసి కూడా 20కి అయిపోతోంది. అంటే మీ ఇంటి ఖర్చు 79,000 దగ్గర ఉంది. ఇది నగదుతో కొంటున్నారా, కార్డుతో కొంటున్నారా అన్న దాంతో మాత్రమే తేలే సంగతి కాదు. రాబడికి మించి పోతోంది, ఆ పోవడం కార్డు చాటున కనబడలేదు.

కాబట్టి ఎఫ్‌డీ తీసేయండి. ఫీజు డబ్బని తెలుసు, మనసొప్పదనీ తెలుసు. కానీ 60,000 మీద ఆరున్నర శాతం చొప్పున నెలకు 325 రూపాయల వడ్డీ వస్తుంటే, కార్డుకు 2,148 కట్టడంలో అర్థం లేదు. గడువుకు ముందే తీసినందుకు వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, పోనివ్వండి. ఈ నెల వాడకం కూడా కలిపితే బాకీ 70,000కు దగ్గరపడి ఉంటుందని నా అంచనా. 60,000 ఇప్పుడే కట్టి, మిగిలిన పది వేలు వచ్చే జీతంలో అద్దె కంటే ముందు తీసి కట్టండి. అప్పటిదాకా కార్డు బీరువాలో ఉండాలి. ఫీజుకు జూన్‌లో కొంత తక్కువ పడితే, బ్యాంకులో బంగారం మీద చిన్న అప్పు తీసుకున్నా కార్డు వడ్డీలో మూడో వంతు కూడా పడదు. ఒక సంగతి గుర్తుంచుకోండి. మొత్తం కట్టేశాక కూడా తర్వాతి బిల్లులో కొంచెం వడ్డీ వస్తుంది. బిల్లు వేసిన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య రోజుల వడ్డీ అది. మోసం కాదు, కట్టేయండి.

ఇక మీ ప్రశ్న.

మీ ఫోన్‌పేకు లింకు చేసిన ఖాతా స్టేట్‌మెంట్ ఒక నెలది ప్రింటు తీయండి. చేంతాడంత వస్తుంది. పెన్సిలుతో 200 లోపు ఉన్నవన్నీ సున్నా చుట్టండి. టీ, జిరాక్సు, పిల్లాడి ఐస్‌క్రీమ్, పూలు, స్కూలు దగ్గర సమోసాలు. ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు, అందుకే ఒక్కటీ గుర్తుండదు. అన్నీ కూడండి. నా దగ్గరికి వచ్చినవాళ్ళ చేత ఈ పని చేయిస్తే, కూడిక చూసి 'మళ్ళీ ఒకసారి కూడతానండీ' అంటారు.

అదే చేతిలో అయిదొందల నోటు ఉంటే పది రూపాయల టీ కోసం దాన్ని మార్చడానికి చెయ్యి రాదు. మారిస్తే నిలవదని మనకు తెలుసు. 2001లో అమెరికాలోని ఎంఐటీలో ప్రెలెక్, సైమెస్టర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు విద్యార్థులకు బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు వేలం వేశారు. కార్డుతో కట్టవచ్చని చెప్పినవాళ్ళు పాడిన సగటు ధర, నగదే కట్టాలన్నవాళ్ళు పాడినదానికి రెట్టింపు దాటింది. మీ అత్తగారికి చెప్పి చూడండి, ఇందుకు వేలం ఎందుకు, నన్నడిగితే చెప్పేదాన్నిగా అంటారు.

అలాగని ఆవిడ చెప్పినట్టు అంతా నగదుకు మారిపోతే కుదరదు. ఇప్పుడు కొట్టువాడే 'చిల్లర లేదమ్మా, ఫోన్‌పే చేసెయ్యండి' అంటున్నాడు. మాటిమాటికీ ఏటీఎంకు వెళితే అదీ ఖర్చే. సొంత బ్యాంకువి నెలకు అయిదు, వేరే బ్యాంకువి విజయవాడలాంటి ఊళ్ళో అయిదు ఉచితం. ఆ తర్వాత ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పైన జీఎస్టీ. 2025 మే నుంచి ఈ రేటు.

నిజానికి ఆవిడ కాలంలో పోపుల డబ్బా చేసిన మేలు అందులో నోట్లు ఉండటం వల్ల వచ్చింది కాదు. దానికి అడుగు ఉండేది. ఈ నెలకు ఇంతే అని పెడితే, 25వ తారీఖుకు మూత తీయగానే అడుగు కనబడేది. వంకాయ కూర బదులు పచ్చడితో సరిపెట్టేవారు. మీ ఫోన్‌పేకు అడుగు లేదు, ఎందుకంటే దాన్ని జీతం ఖాతాకే లింకు చేశారు.

కాబట్టి ఫోన్‌కు ఒక డబ్బా చేయండి. మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని రెండో సేవింగ్స్ ఖాతా తెరవండి. ఎస్‌బీఐ 2020లోనే ఆ షరతు తీసేసింది, ఇంకొన్ని బ్యాంకులూ తీసేశాయి. ఫోన్‌పేలో ఆ కొత్త ఖాతా మాత్రమే ఉంచి, జీతం ఖాతాను తీసేయండి. పక్కన ఉంచి 'వాడనులే' అనుకోవద్దు, వాడతారు. ప్రతి సోమవారం పొద్దున వారానికి సరిపడా డబ్బు జీతం ఖాతా నుంచి ఇందులోకి పంపండి. ఎంత అనేది ఆ పెన్సిలు కూడిక చూసి, అందులోంచి కొంత కోసి, మీరే వేసుకోండి. శుక్రవారానికే అయిపోతే శని, ఆదివారాలు మళ్ళీ నింపకండి. మొదటి రెండు వారాలు చిరాగ్గా ఉంటుంది.

యూపీఐ లైట్, అంటే ఫోన్‌పేలోనే ముందుగా డబ్బు నింపుకునే చిన్న పర్సు, వాడమని కొందరు చెబుతారు. పిన్ లేకుండా ఒక్కోసారి వెయ్యి దాకా కట్టొచ్చు, అందులో 5,000కు మించి ఉండదు. బాగానే ఉంటుంది కానీ, నింపిన మొత్తం తప్ప విడి ఖర్చులు పాస్‌బుక్కులో కనబడవు. మీ జబ్బే కనబడకపోవడం, అందుకని మీకు వద్దంటాను.

కూరలు, పండ్లు, చేపలు మాత్రం నగదుతోనే కొనండి. రైతుబజారుకు వెళ్ళేటప్పుడు పర్సులో నాలుగొందలు పెట్టుకుని, ఫోన్ ఇంట్లో వదిలి వెళ్ళండి. బేరం ఆడటంలోనూ తేడా తెలుస్తుంది. పనమ్మాయి జీతం, గుడి, చందాలు కూడా నగదే. ఈ పద్దు మీ అత్తగారికి అప్పగించవచ్చు. ఆవిడ సంతోషిస్తారు, పైగా మీకంటే బాగా చూస్తారు.

కార్డు బీరువాలోంచి బయటికి వచ్చేది బాకీ తీరి, ఆటోపే మొత్తం బాకీకి మారాకే. అప్పుడు కూడా ఫ్రిజ్, ఫోన్ లాంటి పెద్ద వస్తువులకు, ఆన్‌లైన్‌లో తెలియని సైటులో కొనేవాటికి. అక్కడ క్రెడిట్ కార్డుకు నిజమైన విలువ ఉంది. సరుకు రాకపోయినా, మోసం జరిగినా డబ్బు మీ ఖాతాలోంచి ఇంకా పోలేదు, బ్యాంకుకు ఫిర్యాదు చేసి వాదించవచ్చు. డెబిట్ కార్డుతోనైతే ముందు డబ్బు పోతుంది, తర్వాత పోరాటం. షాపువాడు కార్డయితే రెండు శాతం అదనం అంటే, నగదు ధర అడిగి అదే కట్టండి, పాయింట్లు ఆ రెండు శాతాన్ని పూడ్చవు. వడ్డీ లేదంటూ 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నా ఒకసారి మొత్తం కడితే వచ్చే డిస్కౌంటు ఎంతో అడగండి. మాట మారుతుంది.

కార్డును ఆనించగానే 5,000 దాకా పిన్ లేకుండా పోతుంది. బ్యాంకు యాప్‌లో ఆ సదుపాయాన్ని ఆపేయవచ్చు, పరిమితి తగ్గించవచ్చు. మీకు తెలియకుండా డబ్బు పోతే అదే రోజు బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైనకొద్దీ నష్టంలో మీ వాటా పెరిగేలా రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన పెట్టింది.

ఇంట్లో నగదు ఇంతే ఉండాలని చట్టం ఏమీ చెప్పదు, ఎక్కడినుంచి వచ్చిందో చూపగలిగితే చాలు. కానీ ఒక మనిషి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. చేబదులైనా 20,000, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు. మీకైతే ఆరేడు వేలు చాలు, అవీ వంద, రెండొందల నోట్లుగా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మీ ఊళ్ళో చూశారుగా, కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు, పాల ప్యాకెట్టుకు నోటే కావాలి. పాలిథిన్ కవరులో చుట్టి అటక మీద పెట్టండి, కింది అరలో కాదు. అంతకు మించి దాచొద్దు. 2016 నవంబరు 8 రాత్రి పాత అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు, ఎంతమంది ఇల్లాళ్ళ డబ్బాలు భర్తల ముందు తెరుచుకున్నాయో మీ అత్తగారిని అడగండి.

మీ వారితో ఈరాత్రే కూర్చోండి. 'చూశారా, నేను చెప్పలేదా' అని మొదలుపెట్టకండి. కార్డు స్టేట్‌మెంట్ ఈమెయిల్లో పీడీఎఫ్‌గా వస్తుంది, తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలామంది ఆ బద్ధకానికే చూడరు, ఆయన కూడా చూసి ఉండరు. ఇద్దరూ కలిసి తెరిచి 'టోటల్ అమౌంట్ డ్యూ' అన్న చోట ఉన్న అంకె చదవండి. నా 52,000 లెక్క తప్పయితే నాకు రాయండి. ఆటోపేలో గడి మార్చినా, చాలా బ్యాంకుల్లో అది వచ్చే బిల్లు నుంచే అమలవుతుంది. ఈ నెల బిల్లు మాత్రం మీరే చేత్తో కట్టాలి.