మీరు ఆగిపోయిన పేజీ

ప్రియమైన మిత్రమా,

‘నేనిప్పుడు చదువుతున్న నవలలు’ అన్న శీర్షికతో మీరు పంపిన వ్యాసం అందింది. మొదటిసారి విసుగుతో పక్కన పెట్టాను. మర్నాడు మళ్లీ చేతిలోకి తీసుకోవడానికి కారణం అందులోని ఒకే ఒక్క వాక్యం. జార్జ్ ఇలియట్ నవల ‘మిడిల్‌మార్చ్’ గురించి చెబుతూ, భర్త రాత్రివేళ కథానాయిక డొరొథియాను అడిగిన ఆ మాట దగ్గర, దేనికోసమో చెప్పకుండానే తన కోరిక తీరుస్తానని ప్రమాణం చేయమన్నప్పుడు ఆమె మరునాటిదాకా గడువు కోరిన ఆ చోట, పుస్తకం మూసేసి నాలుగు రోజులు తెరవలేకపోయానని రాశారు. ఆ వెంటనే ‘పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల సమాజానికి ఈ నవల నిలువుటద్దం’ అని ఒక మాట అని ముందుకు వెళ్లిపోయారు. ఆ నాలుగు రోజులూ ఏమయ్యాయి? ఆమె స్థానంలో మీరుంటే మాట ఇచ్చేవారా? పుస్తకం అక్కడే బల్ల మీద ఉంటే దాన్ని తప్పించుకుని తిరిగారా? నాకు తెలుసుకోవాలనిపించినదంతా ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీలో ఉండిపోయింది.

మొదటిసారి విసుగెందుకు కలిగిందో కూడా దాచను. మీ వ్యాసంలో పదకొండు నవలల పేర్లున్నాయి. వాటిని ‘క్లాసిక్స్’ అనీ ‘ఫాంటసీ’ అనీ రెండు గంపల్లో వేశారు. ఒక్కో నవలకు మూడేసి వాక్యాలు, చివర అయిదింటికి ఇన్నని మార్కులు. ‘అద్భుతమైన పాత్రచిత్రణ’ అన్న మాట ఆరు చోట్ల వచ్చింది. శీర్షికలో ‘చదువుతున్న’ అని పెట్టి, లోపల మాత్రం ప్రతి పుస్తకమూ ఎప్పుడో ముగిసిపోయినట్టు, దానికి తీర్పు చెప్పడమే ఇక మిగిలినట్టు రాశారు. ‘చదివాను’ అన్నది ఒడ్డుకు చేరినవాడి మాట. ‘చదువుతున్నాను’ అన్నది ఇంకా నీళ్లలో ఉన్నవాడి మాట. నీళ్లలో ఉన్నవాడు మాత్రమే చెప్పగలిగిన సంగతులు కొన్ని ఉంటాయి, ఒడ్డెక్కాక అవి అతనికే గుర్తుండవు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క సంగతి మీకు నచ్చజెప్పడానికే రాస్తున్నాను.

దీనికి నా దగ్గర సాక్ష్యం ఉంది. టాల్‌స్టాయ్ ‘యుద్ధము - శాంతి’ని మొదటిసారి చదువుతున్న రోజుల్లో, ఏ పూటకాపూట ఆగిన పేజీ సంఖ్యనూ ఆ చోట నాకు తోచినదాన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత ఆ నవల మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. తొలి అధ్యాయాల్లోని ఆ సాయంకాలపు గోష్ఠిలో, కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బందిపడే పియెర్‌ని చూడగానే ఇతడే ఈ మహాగ్రంథానికి హృదయమని పాఠకుడికి తెలిసిపోతుందని అందులో ఎంతో ధీమాగా ప్రకటించాను. వ్యాసాన్ని నలుగురూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత కాగితాలు సర్దుతుంటే పాత నోటు పుస్తకం బయటపడింది. పియెర్ గురించి అందులో నా చేతిరాతతోనే ఇలా ఉంది: ‘ఈ లావుపాటి కుర్రవాడు కథకు అడ్డం. రచయిత ఇతణ్ణి త్వరలోనే తప్పిస్తాడు.’ ఇంకా ముందుకు వెళితే, ఆస్టర్‌లిట్జ్ యుద్ధభూమిలో గాయపడిన ప్రిన్స్ ఆండ్రీ వెల్లకిలా పడి పైనున్న ఎత్తయిన ఆకాశాన్ని చూసే ఘట్టం దగ్గర, ‘ఈయన పోయాడు. ఇక ఈ నవలలో నాకెవరున్నారు?’ అని రాసి ఉంది. ఆండ్రీ అప్పుడు చనిపోలేదు. పియెర్ చివరిదాకా ఉన్నాడు. రెండు విషయాల్లోనూ నేను పొరబడ్డాను. అయినా ఆ రెండు ముక్కల్లో టాల్‌స్టాయ్ నన్ను ఎలా నడిపించాడో ఉంది, నా పెద్ద వ్యాసంలో అది లేదు. ముగింపు తెలిసిన మనసు వెనక్కి వెళ్లి తొలి పేజీల్లోని తన అభిప్రాయాలను కూడా దిద్దేస్తుంది, ఆ దిద్దుబాటు జరిగిందని మనకు తెలియనివ్వదు కూడా. తెలిసి అబద్ధమాడలేదు కానీ, ఆ వ్యాసంలో నేను రాసింది అబద్ధమే.

అంతకుముందే, బాగా చిన్న వయసులో, ఒక పత్రికకు సగం చదివిన నవల గురించి రాసి పంపాను. ‘పుస్తకం పూర్తిచేసి రాయండి’ అని ఒక్క ముక్కతో తిప్పి పంపారు. నేను సిగ్గుపడి, వాళ్లు చెప్పినట్టే పూర్తిచేసి, వాళ్లు కోరినట్టే రాశాను. అచ్చయింది, ఎవరికీ గుర్తులేదు. ఆ సంపాదకుడి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. నా రచనను తిప్పి పంపినందుకు కాదు, తర్వాత ఇరవై ఏళ్లపాటు నా చేత ఒడ్డు మీది మాటలే రాయించినందుకు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు ‘పది పుస్తకాలు, పది పేరాలు’ అడిగారు. మరొకాయన నా జాబితాలోంచి మాయలూ మంత్రాలూ ఉన్న నవలలన్నిటినీ, పెద్దల పేజీలో పిల్లల పుస్తకాలెందుకని కొట్టేశారు. మీ వ్యాసం ఆ సంపాదకులంతా కలిసి కూర్చుని రాయించినట్టుంది, అందుకే అంత చిరాకు కలిగింది.

జాబితాల గురించి జేన్ ఆస్టెన్ రాసినది మీకు గుర్తుచేస్తాను. ‘నార్తాంగర్ అబ్బీ’లో కేథరిన్ అనే అమ్మాయి ఒక భయానక నవల మధ్యలో ఉంటుంది. నల్లని తెర వెనక ఏముందో ఇంకా ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పవద్దని వేడుకుంటుంది. ఆమె స్నేహితురాలు ఇజబెల్లా, అది అయ్యాక చదవడానికి అలాంటివే మరికొన్ని నవలల పేర్లు చిట్టా రాసుకొచ్చి గడగడా చదివి వినిపిస్తుంది. అవన్నీ నిజంగా అంత భయంకరంగా ఉంటాయా అని కేథరిన్ అడిగితే, ఇజబెల్లా ఇచ్చే పూచీ ఏమిటో చూడండి: తన స్నేహితురాలు మరొకామె అవన్నీ చదివిందట. ఆ ఏడు పేర్లూ ఆస్టెన్ కల్పించినవేనని చాలాకాలం అనుకున్నారు కూడా. అవి నిజంగా అచ్చయిన నవలలేనని ఇరవయ్యో శతాబ్దంలో గాని పరిశోధకులు తేల్చలేదు. ఏడు పేర్లు చెప్పిన అమ్మాయి మనకు పుస్తకం గురించి ఏమీ చెప్పలేదు. ఒక్క తెర ముందు నిలబడిపోయిన అమ్మాయి అంతా చెప్పింది. (ఈ నవలను 1803లో పది పౌండ్లకు కొన్న ప్రచురణకర్త దాన్ని అచ్చు వేయకుండా అలాగే ఉంచుకున్నాడు. 1816లో ఆ డబ్బు తిరిగి చెల్లించి వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. 1817 చివర అది వెలువడేనాటికి ఆస్టెన్ లేదు. సంపాదకుల మీద నా కోపం మరీ కొత్తదేం కాదు.)

నేనూ ఇజబెల్లానే. ఇరవై రెండేళ్ల వయసులో ‘నేను చదివిన ఇరవై మహానవలలు’ అని రాశాను. వాటిలో ఏడు చదవలేదు. ఒక పెద్దాయన ఆ వ్యాసం చదివి, వాటిలో ఒకదాని పేరెత్తి, ‘అందులో మీరు ఎక్కడ ఆగారు?’ అని చాలా ఆప్యాయంగా అడిగారు. ఆయన నన్ను పరీక్షించడం లేదు, తాను ఆగిన చోటును ఎవరితోనైనా పంచుకోవాలని ఎదురుచూస్తున్నారు. నా మౌనం చూసి ఆయన ముఖం చిన్నబోయిన తీరు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఫాంటసీ విషయానికి వస్తే, మీరు ఆ గంప ముందు ‘ఇవి కేవలం కాలక్షేపానికి’ అని క్షమాపణ లాంటిది రాసుకున్నారు. దాన్ని తీసేయండి. 1818లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను ఏ గంపలో వేస్తారు? పుట్టబోయేవాడి కథను ముందే చెప్పించి, కథలోంచి కథలోకి తీసుకెళ్లే ‘కళాపూర్ణోదయం’ పదహారో శతాబ్దంలోనే మన భాషలో ఉంది, దాన్ని ఎక్కడ పెడతారు? ‘డాన్ కిహోటే’ ఆరో అధ్యాయంలో మతగురువూ మంగలీ కలిసి ఆ కథానాయకుడి దగ్గరున్న అద్భుత గాథల పుస్తకాలను ఒక్కొక్కటే బయటికి తీసి, ఇది మంటకు, ఇది దాచడానికి అని తీర్పు చెబుతారు. చాలావాటికి పేరు చూడడమే విచారణ. రెండు గంపలు పెట్టుకుని కూర్చుంటే మనం చేసేదీ అదే.

ఆ సరిహద్దు కన్నా నాకు ముఖ్యమనిపించేది, రెండు రకాల పుస్తకాల మధ్యలో ఉన్నప్పుడు పాఠకుడి పరిస్థితి ఎంత వేరుగా ఉంటుందన్నది. ఫాంటసీలో తొలి వంద పేజీలూ మనకు ఆ లోకపు నియమాలు తెలియవు. ఏ పేరు మనిషిదో ఏది ఊరిదో తేలదు, ఏది ప్రమాదమో ఏది మామూలో అంతుపట్టదు. ఆ తికమకలోనే సగం ఆనందం ఉంది, పుస్తకం ముగిశాక దాని ఆనవాలు కూడా మిగలదు. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి రెండు సంపుటాలూ 1954లోనే వచ్చాయి. రెండోది, కథానాయకుడు ఫ్రోడో ప్రాణాలతో శత్రువు చేతికి చిక్కి, అతని తోడు వచ్చిన శామ్, మూసి ఉన్న తలుపు బయట ఉండిపోయిన చోట ముగుస్తుంది. మూడో సంపుటం 1955 అక్టోబరులో గాని రాలేదు. నవల రాసి ఎప్పుడో అయిపోయింది, అనుబంధాలు సిద్ధం కాకపోవడం వల్ల ఆలస్యమయింది. దాదాపు ఏడాదిపాటు ఆ పాఠకులు శామ్‌తో పాటే తలుపు బయట ఉన్నారు. మీ ‘మిడిల్‌మార్చ్’ను కూడా మొదటి పాఠకులు 1871 డిసెంబరు నుంచి ఏడాది పొడవునా ఎనిమిది భాగాలుగా చదివారు. వాళ్లు ఆ నెలల్లో ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుని ఉంటారు? మార్కులు వేసుకుని ఉండరు. మీ నాలుగు రోజులు వాళ్ల నెలల జాతివే.

క్లాసిక్ దగ్గర కష్టం మరొకటి. కీర్తి ముందే మన భుజాల మీద కూర్చుంటుంది కనుక విసుగు వస్తే చెప్పడానికి జంకుతాం. తిమింగలాల వేటకు వెళ్లే ఓడ కథ ‘మోబీ డిక్’ గురించి మీరు ‘కథనం కాస్త నెమ్మది’ అన్నారు. ఎక్కడ నెమ్మది? ఓడ రేవు విడిచేది ఇరవై రెండో అధ్యాయంలో, కెప్టెన్ ఏహాబ్ మొదటిసారి కళ్లపడేది ఇరవై ఎనిమిదో అధ్యాయంలో. ఆయన కోసం ఎదురుచూసి విసిగారా? లేక ముప్పై రెండో అధ్యాయంలో తిమింగలాలను పుస్తకాల సైజుల పేర్లతో వర్గీకరిస్తున్నప్పుడు, కథ ఏమైపోయిందని కోపం వచ్చిందా? ఆ కోపాన్ని అధ్యాయం సంఖ్యతో సహా రాస్తే నేను మీతో వాదించగలను. నాకు ఆ అధ్యాయం ఇష్టం, మొత్తం నవలలో అక్కడే రచయిత మనతో నేరుగా మాట్లాడుతున్నాడనిపిస్తుంది. ‘కాస్త నెమ్మది’తో వాదించడానికి ఏముంది?

మీరు అడిగిన ప్రశ్నల్లో, వ్యాసాన్ని ఎక్కడికి పంపాలన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఒకేసారి రెండు నవలలు చదవవచ్చా అన్నారు, తప్పకుండా చదవండి. పగలు ఒకటి, రాత్రి ఒకటి చదివేవాడికి ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడుతుంది, ఆ నీడ గురించి ఎవరూ సరిగా రాయలేదు. అయితే పదకొండు మాత్రం వద్దు.

వ్యాసాన్ని తిరిగి రాయండి. పది నవలలను తీసేసి, ఆ రాత్రి దగ్గర మొదలుపెట్టండి. డొరొథియా జవాబు ఏమయిందో మీరు ఈపాటికి తెలుసుకుని ఉంటే, తెలియని రోజుల్లో ఏమనుకున్నారో కష్టపడి గుర్తుచేసుకోండి. ఇంకా తెలియకపోతే మరీ మంచిది, ఈ రోజే కూర్చోండి, మీ ఊహ తప్పయితే తప్పుగానే ఉండనివ్వండి.

ప్రస్తుతం నేను అర్సులా లె గ్విన్ 1971లో ప్రచురించిన ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ మధ్యలో ఉన్నాను. ఇది ఒక ఫాంటసీ వరుసలో రెండోది. మొదటి భాగంలోని మాంత్రికుడి కోసం వచ్చినవాణ్ణి, రచయిత్రి నన్ను ఒక చిన్నపిల్ల చేతిలో పెట్టింది. పేరు కూడా తీసేసుకుని, సమాధుల పూజారిణిగా పెంచిన పిల్ల. సమాధుల కింద, భూమిలోపలి చీకటి దారులను ఆ పిల్ల చేతులతో తడుముకుంటూ నేర్చుకుంది, అక్కడ దీపం వెలిగించడం నిషిద్ధం. నిన్న రాత్రి ఆమె ఎప్పటిలాగే ఆ చీకట్లోకి దిగింది. ఎదురుగా వెలుతురు కనిపించింది. ఆ వెలుతురు ఎవరిదో నాకు తెలుసుననుకుంటున్నాను, కానీ ఆమె పక్షాన నిలబడి ఆ వచ్చినవాడి మీద నాకు కోపమే వచ్చింది. అక్కడ ఆగాను.

మీ
శ్రేయోభిలాషి