కాగితం పని నీది, ఆలోచన వాళ్ళది

అమ్మా,

యూనివర్సిటీ రీసెర్చ్ సెల్ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. బయటి ప్రాజెక్టులు తెప్పించమని పైవాళ్ళు ఒకటే ఒత్తిడి చేస్తున్నారనీ, మీటింగు పెడితే ఫ్యాకల్టీ రావడం లేదనీ రాశావు. రారమ్మా. అసిస్టెంట్ ప్రొఫెసరుకి వారానికి పదహారు గంటల క్లాసులు, పేపర్లు దిద్దడం, పైన కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ ఫైళ్ళు. మధ్యలో గ్రాంట్ రైటింగ్ (పరిశోధన నిధుల కోసం ప్రొపోజల్ రాయడం) మీద ఒకరోజు వర్క్‌షాప్ అంటే ఎవరికి ఓపిక? నువ్వే వాళ్ళ గదులకి వెళ్ళు. టీ తాగుతూ అరగంట కూర్చుంటే చాలు.

కాగితాల పనంతా నువ్వు నెత్తిన వేసుకో. ఆలోచన మాత్రం వాళ్ళదే, వాళ్ళకి బదులుగా ఒక్క వాక్యం కూడా రాయకు. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. సెల్‌వాళ్ళు ప్రొపోజల్‌కి ఇంట్రడక్షన్ రాసిపెడతారు, యూనివర్సిటీ ఒప్పుకుందని చెప్పే ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్ మీద రిజిస్ట్రార్ సంతకం కోసం మాత్రం పాపం ఆ లెక్చరరే తిరుగుతుంటాడు.

ఈమధ్య ఒక కెమిస్ట్రీ కుర్రాడు డ్రాఫ్టు చూపించాడు. నల్లగొండ బోరు నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేయడం గురించి. మొదటి పేజీ నిండా నీరే ప్రాణాధారమనీ, ఫ్లోరోసిస్ ఎన్నో దశాబ్దాల సమస్య అనీ, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదనీ ఉంది. ప్రొపోజల్ పరిశీలించే రివ్యూవర్‌కి ఇవన్నీ తెలుసు కదా! అసలు సంగతి నాలుగో పేజీలో ఒక మూల దాక్కుని ఉంది: ఫ్లోరైడ్‌ని పట్టుకునే పదార్థాన్ని శుభ్రం చేసి మళ్ళీ ఎన్నిసార్లు వాడొచ్చు, పనికిరాకుండా పోయాక ఊళ్ళో దాన్ని ఎక్కడ పారబోస్తారు? ఇది ముందెందుకు రాయలేదు నాయనా అంటే, "అందరూ ల్యాబులో ఒక్కసారి పట్టించి చూపించి పేపర్ వేసుకుని ఊరుకుంటున్నారు సార్, నాకదే చిరాకు" అన్నాడు. ఆ చిరాకే మొదటి పేరాలోకి రావాలి. దాన్ని నేను రాసిపెట్టలేదు, నువ్వూ రాసిపెట్టకు. అడుగుతూ కూర్చో, వాళ్ళ నోటినుంచే వస్తుంది.

ఆబ్జెక్టివ్స్ దగ్గర కూడా ఇలాగే పట్టుబట్టు. "టు స్టడీ", "టు ఎక్స్‌ప్లోర్" అని కనిపిస్తే దేన్ని కొలుస్తావు, ఎంత వస్తే పని అయినట్టు, రాకపోతే ఏం చేస్తావు అని అడుగు. చివరి ప్రశ్నకి జవాబున్న ప్రొపోజల్ నాకు చాలా అరుదుగా కనిపించింది. డ్రాఫ్టు పూర్తయ్యాక వేరే డిపార్ట్‌మెంటు మనిషి చేత చదివించు. కమిటీలో కూర్చునేవాళ్ళంతా అదే సబ్జెక్టువాళ్ళు కారు.

ఇక నీ పని. సైన్సు పరిశోధనకి కేంద్రం తరఫున నిధులిచ్చే ఎస్‌ఈఆర్‌బీ పోయి, 2023 చట్టంతో దాని చోట ఏఎన్‌ఆర్‌ఎఫ్ వచ్చింది, స్కీముల పేర్లూ షరతులూ మారాయి. అయినా సీనియర్ల పాత ఫార్మాట్లు వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ప్రొపోజల్స్ పంపమని కాల్ వచ్చిన ప్రతిసారీ నోటిఫికేషన్ నువ్వు మొదటినుంచి చివరిదాకా చదివి, అర్హత, వయోపరిమితి, కావాల్సిన సర్టిఫికెట్లు ఒక్క పేజీలో రాసి పంపు. సోషల్ సైన్సెస్‌వాళ్ళని మర్చిపోకు, వాళ్ళకి నిధులివ్వడానికి ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఉంది.

బడ్జెట్ మాత్రం పక్కన కూర్చుని వేయించు. ప్రాజెక్టులో పనిచేసే జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000 అని వేసి మూడేళ్ళకి హెచ్చించేస్తారు. హెచ్‌ఆర్‌ఏ మర్చిపోతారు. రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42,000 ఇవ్వాలన్నదీ మర్చిపోతారు. మూడో ఏడు ఆ పిల్లకి జీతం చాలక గైడు కాళ్ళూ చేతులూ ఆడక కూర్చుంటాడు. పై అంతస్తులో ఉన్న మెషీన్‌నే మళ్ళీ అడిగేవాళ్ళూ ఉంటారు. కాబట్టి క్యాంపస్‌లో ఏ పరికరం ఎక్కడుంది, పనిచేస్తోందా లేదా అన్న జాబితా ముందు తయారుచెయ్యి. రివ్యూవర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

ప్రాజెక్టు రాకపోతే, రాసినవాళ్ళకి ఆ రోజే ఫోన్ చెయ్యకు. వారం పోయాక వెళ్ళి, రివ్యూవర్ల కామెంట్లు ఇద్దరూ కలిసి చదవండి. కోపంలో చదివినప్పుడు అన్యాయంగా అనిపించినవాటిలో సగం, అప్పుడు చదివితే పనికొచ్చేవిగా కనిపిస్తాయి.

ప్రాజెక్టు వచ్చాక ఉంటుంది అసలు తిరునాళ్ళ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారి మన అకౌంట్స్ సెక్షన్. శాంక్షన్ లెటర్ వచ్చినా కెమికల్స్ కొనడానికి ఫైలు నెలల తరబడి కదలదు. ఖర్చు కాకపోతే, డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో చూపించడానికేం ఉండదు, అది పోకపోతే రెండో విడత రాదు. ఇలా ఒకసారి నలిగినవాడు మళ్ళీ ప్రొపోజల్ రాయడు, పక్కవాణ్ణీ రాయనివ్వడు. మీటింగుకి ఎందుకు రావడం లేదో ఇప్పుడర్థమైందా?

అందుకని కొత్త కాల్ సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఫైనాన్స్ ఆఫీసరుగారిని కలువు. నడుస్తున్న ప్రాజెక్టుల్లో ఎవరి యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఆగిందో, ఎవరి బిల్లు ఏ టేబుల్ మీద ఉందో రాసుకో. వాటిలో రెండు మూడు కదిలించావంటే ఆ కబురు క్యాంపస్ అంతా తిరుగుతుంది, వాళ్ళే నీ గదికొస్తారు.

ఎవరి డ్రాఫ్టయినా నాకు పంపాలనుకుంటే పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలు పంపు.

ఆశీస్సులతో,
మీ మాష్టారు